నవ్వే ఇల్లాలు, నిండిన సీసాలు: యుద్ధకాలపు పోస్టర్లలో క్యానింగ్

(చిత్రకళ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడినది కాబట్టి, అవసరమైన చోట బొమ్మ ఏమిటో బ్రాకెట్లలో చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఫరవాలేదు. ఇవాళ బొమ్మలు చూడటమే పని, నా మాటలు కొంచెం వినబడకపోయినా నష్టం లేదు.

ముందు ఒకటి చూపిస్తాను. కాసేపు ఏమీ చెప్పను.

(తెర మీద 1943 నాటి పోస్టరు. తల్లి, పక్కన చిన్న కూతురు. ఇద్దరివీ ఒకేలాంటి దుస్తులు. దగ్గర్లో నింపిన గాజు సీసాలు.)

కింద ఉన్న అక్షరాలు తెలుగులో చెబుతాను. పిల్ల అడుగుతోంది: "ఈ చలికాలం మనకి తినడానికి బోలెడు ఉంటుంది, కదమ్మా?" ఆ తర్వాత ప్రభుత్వం మాట: మీ కూరలు మీరే పండించుకోండి, మీరే సీసాల్లో నిలవ పెట్టుకోండి. అమెరికా ప్రభుత్వంలో యుద్ధ ప్రచారం చూసుకోవడానికి 1942లో ఒక సమాచార కార్యాలయం పెట్టారు. ఆ కార్యాలయం వేయించిన పోస్టరు ఇది. గీసినది ఆల్ఫ్రెడ్ పార్కర్. ఆల్ పార్కర్ అంటే ఆ రోజుల్లో అక్కడి పత్రికల బొమ్మల్లో చాలా పెద్ద పేరు. 'లేడీస్ హోమ్ జర్నల్' అనే ఆడవాళ్ల పత్రిక అట్ట మీద 1939 నుంచి తల్లీకూతుళ్లకి ఒకేరకం బట్టలు వేసి వరసగా గీస్తూ వచ్చాడు. జనానికి అవి ఎంత నచ్చాయంటే, ఇళ్లలో తల్లులు కూడా తమకీ పిల్లలకీ జంట గౌన్లు కుట్టుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి ప్రభుత్వం అడిగినప్పుడు ఆయన కొత్తగా బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని లేకపోయింది. దేశమంతా ఇష్టపడుతున్న ఆ ఇద్దరినే తీసుకొచ్చి సీసాల పక్కన నిలబెట్టాడు. ఇల్లస్ట్రేటర్‌గా ఇది చాలా తెలివైన పని. మీరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చెప్పండి, ఈ బొమ్మలో ఏం లేదు?

(సభలోంచి: "నాన్న." "పొయ్యి." "చెమట.")

నాన్న లేడు, నిజమే. 1943 కాబట్టి ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెమట అన్నదెవరు? నువ్వా? బాగా పట్టుకున్నావమ్మా. ఇవాళ నేను చెప్పబోయేది అంతా అదే. ఈ పోస్టర్లు ఏం చూపించాయో మీరే చూస్తారు, దానికి నేను అక్కర్లేదు. ఏం దాచిపెట్టాయో, ఎందుకు దాచిపెట్టాయో, అది మాట్లాడుకుందాం.

దానికి ముందు ఈ క్యానింగ్ అంటే ఏమిటో తెలియాలి. మన ఊరగాయలతో పోల్చి చెబితే తేలిక. ఆవకాయ పెట్టేటప్పుడు మనం వేడి వాడం. ఉప్పు, ఆవపిండి, నూనె, మామిడికాయలో ఉండే పులుపు, ఇవే ముక్కని కాపాడతాయి. ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది, తడి చెయ్యి పెడితే పాడవుతుంది. క్యానింగ్‌లో దారి వేరు. అక్కడ బీన్స్ బీన్స్ లాగే ఉండాలి, బఠాణీ బఠాణీ లాగే ఉండాలి. ఉప్పు రుచికి చిటికెడు వేస్తారు, వెయ్యకపోయినా నడుస్తుంది. కాపాడేది వేడి, ఆ తర్వాత గాలి చొరబడని మూత. అంతే.

ఈ పద్ధతి పుట్టిందే యుద్ధాల కోసం. 1795లో ఫ్రాన్స్ ప్రభుత్వం, సైన్యానికి తిండి నిలవ పెట్టే ఉపాయం చెప్పినవాళ్లకి 12,000 ఫ్రాంకుల బహుమతి అని ప్రకటించింది. నికొలా అప్పేర్ అనే మిఠాయిలు చేసే ఆయన ఏళ్ల తరబడి ప్రయత్నించి, సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచితే పాడవదని చూపించాడు. 1810లో ఆ డబ్బు ఆయనకి దక్కింది. ఎందుకు పాడవదో ఆయనకీ తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ చెప్పేసరికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఇక ఇళ్లలోకి ఇది రావడానికి కారణం జాన్ మేసన్. 1858లో గాజు సీసా మెడకి మరలు పెట్టి, తిప్పి బిగించే మూతకి పేటెంటు తీసుకున్నాడు. ఈ పోస్టర్లన్నిటిలో కనిపించే సీసా ఆ వంశంలోదే. అమెరికాలో ఇప్పటికీ దాన్ని మేసన్ జార్ అనే అంటారు.

సరే, పని ఎలా ఉంటుంది? ఆగస్టు నెల అనుకోండి. తోటలో అన్నీ ఒకేసారి కాపుకొస్తాయి, రేపటికి వాయిదా వెయ్యడానికి లేదు. కోసిన కాయ సాయంత్రానికి వాడిపోతుంది. బుట్టలకొద్దీ బీన్స్ కడగాలి, ఈనెలు తియ్యాలి, ముక్కలు చెయ్యాలి. ఒక పక్క సీసాలు వేడి నీళ్లలో ఉండాలి, చల్లటి సీసాలో వేడి కూర పోస్తే పగులుతుంది. నింపేటప్పుడు పైన కొంచెం ఖాళీ వదలాలి. అంచు తుడవాలి, ఒక్క గింజ అడ్డుపడినా మూత పట్టదు. అప్పుడు కుక్కర్లో పెట్టి, పది నిమిషాలు ఆవిరి ధారగా వదిలి, తర్వాత మూసి, ఒత్తిడి పది పౌన్లకు వచ్చిన దగ్గర్నుంచి టైము లెక్కపెడుతూ గేజి వైపు చూస్తూ నిలబడాలి. సూది కిందికి జారితే లెక్క మళ్లీ మొదటినుంచి. పల్లెల్లో చాలా ఇళ్లకి ఇంకా కరెంటు లేదు, కట్టెల పొయ్యో బొగ్గుల పొయ్యో. ఫ్యాను మాట దేవుడెరుగు. ఒక వాయి అయ్యాక ఇంకో వాయి. రాత్రి పడుకున్నాక మూతలు టక్కు టక్కుమని లోపలికి పట్టుకుంటున్న శబ్దం వినిపిస్తే ఆ సీసాలు నిలిచినట్టు.

ఒత్తిడి ఎందుకంటే, పళ్లలో, టొమాటోల్లో పులుపు ఉంటుంది కాబట్టి మరిగే నీళ్లు చాలు. బీన్స్, బఠాణీ, మొక్కజొన్న, మాంసం అలా కాదు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి, దాని పేరు క్లాస్ట్రిడియం బొట్యులినం, గాలి లేని చోట, పులుపు లేని చోట హాయిగా పెరుగుతుంది, విషం తయారు చేస్తుంది. ఆ విషానికి నరాలు పడిపోతాయి, మనిషి చనిపోవచ్చు. కొన్నిసార్లు వాసన రాదు, రంగు మారదు. దాని బీజాలు 100 డిగ్రీల దగ్గర చావవు. నీళ్లు ఎంతసేపు మరిగినా 100 దాటవు కదా. కుక్కర్లో పది పౌన్ల ఒత్తిడి దగ్గర 116 డిగ్రీలు వస్తాయి. అందుకే 1917 నుంచీ అమెరికా వ్యవసాయ శాఖ ఈ కూరలకి ప్రెషర్ కుక్కరే వాడమని చెబుతూ వచ్చింది. ఆ మీద, సీసా తెరిచాక కూరని పది నిమిషాలు ఉడికించకుండా రుచి కూడా చూడొద్దని హెచ్చరించింది.

అంటే ఇది శ్రమ ఒక్కటే కాదు, భయం కూడా ఉన్న పని. తన పిల్లలకి తన చేత్తో విషం పెడతానేమో అని లోపల ఒక టెన్షన్. ఇప్పుడు ఆ నవ్వు మొహం మళ్లీ చూడండి.

ఇంకో సంగతి, ఇది మీ రంగుల పాఠానికి సంబంధించింది. బీన్స్‌ని అంత వేడిలో ఉంచితే ఆకుపచ్చ నిలవదు. ఆలివ్ కాయ రంగులోకి, కొంచెం ఖాకీలోకి దిగిపోతుంది. పోస్టర్లలో మాత్రం అప్పుడే కోసినట్టు పచ్చగా ఉంటాయి. వెలుగు తగిలితే సీసాలో కూరల రంగు పోతుందని చల్లగా, చీకటిగా ఉండే చోట దాచమంటారు. బొమ్మలో అవి కిటికీ వెలుగులో రత్నాల్లా మెరుస్తాయి. బొమ్మలు వేసేవాడికి గాజు దొరికితే వదలడు, మీకు తెలుసు. రేకు డబ్బా అయితే చుట్టూ కాగితం లేబులు, లోపల ఏముందో కనబడదు. గాజులోంచి ఎరుపు, పసుపు, పచ్చ, మీద తెల్లటి మెరుపు గీత. ఇంటి క్యానింగ్ పోస్టర్లు ఇంత అందంగా ఉండటంలో సగం గొప్ప ఆ గాజుది.

ఇక వెనక్కి, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్దాం.

(తెర మీద 1918 పోస్టరు. సీసాల్లో కూరగాయలు, వాటి పక్కన ఇంకో సీసాలో జర్మనీ చక్రవర్తి కైజర్.)

(నవ్వులు)

నవ్వండి, నవ్వించడానికే వేశారు. కూరగాయలు, పళ్లు, వాటితో పాటు కైజర్‌ని కూడా సీసాలో పెట్టి మూత బిగించండి అంటున్నారు. ఆయన సీసా మీద 'తీపి కలపనిది' అని రాసి ఉంది. గీసినది జె. పాల్ వెరీస్. వేయించినది చార్లెస్ లాత్రప్ ప్యాక్ 1917లో పెట్టిన జాతీయ యుద్ధ తోటల సంఘం. ఉత్తరం రాస్తే క్యానింగ్ పుస్తకం ఉచితంగా పంపేవాళ్లు. తమాషా ఏమిటంటే, ఆ కైజర్ దేశంలో ఇల్లాళ్లు కూడా సరిగ్గా ఇదే పని చేస్తున్నారు. యోహాన్ వెక్ కంపెనీ 1900 నుంచి అక్కడ రబ్బరు రింగు, గాజు మూత ఉన్న సీసాలు అమ్ముతోంది. జర్మన్‌లో ఈ పనికే ఆయన పేరు మీద క్రియాపదం పుట్టింది.

అదే సంఘానికి జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్ ఒక పోస్టరు వేశాడు. వేలు చూపిస్తూ "నువ్వు కావాలి" అనే అంకుల్ శామ్ బొమ్మ మీరంతా చూశారు కదా, ఆయనే. ఇందులో ఒక స్త్రీ పొలంలో విత్తనాలు చల్లుతోంది. ఒంటి మీద అమెరికా జెండా, తల మీద ఎర్ర టోపీ. ఆమె మామూలు మనిషి కాదు, కొలంబియా, అంటే మన భారతమాత లాగా దేశాన్ని ఆడరూపంలో గీసినది. ఒక పోస్టర్లో మనుషులెవరూ లేరు, శత్రువు తల తప్ప. ఇంకోదాంట్లో దేవత ఉంది. పాతికేళ్ల తర్వాత దేవత జెండా విప్పేసి యాప్రాన్ కట్టుకుంది. నాకు ఈ మార్పు చాలా ముఖ్యం అనిపిస్తుంది. 1918లో ప్రచారం చేసేవాళ్లు దేశభక్తిని అమ్మారు. 1943కి వచ్చేసరికి ఒక మనిషిని అమ్ముతున్నారు: "నువ్వు ఇలా ఉండాలి" అని చెప్పే మనిషిని.

ఎందుకు అమ్మాల్సి వచ్చిందంటే, అవసరం అంత గట్టిగా వచ్చిపడింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి పోయింది. ఆ వెంటనే డచ్చి వాళ్ల ఇండోనేషియా. మలయా, ఇండోనేషియా పోతే అమెరికాకి తగరం పోయినట్టే, రబ్బరు పోయినట్టే. తగరం లేకపోతే రేకు డబ్బా లేదు, ఉన్న డబ్బాలు సైనికులకే చాలవు. సీసా మూత కింద వేసే రింగు రబ్బరుదే. ఆ మలయా రబ్బరు తోటల్లో పాలు తీసినవాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి ప్రాంతం నుంచి వెళ్లిన మన కూలీలు ఎంతోమంది ఉన్నారు. అమెరికాలో ఏ పల్లెలోనో ఒకావిడ బిగించిన మూత కింద మనవాళ్లు గీత పెట్టిన చెట్టు పాలు ఉండి ఉండవచ్చు. ఏప్రిల్ 6న ఆ యుద్ధం విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులుగా పడింది, అది వేరే కథ.

ఫిలిప్పీన్స్ పోవడంతో పంచదార కూడా కరువైంది. 1942 మేలో పంచదారకి రేషను పెట్టారు, మనిషికి వారానికి అరపౌను. 1943 మార్చి 1 నుంచి డబ్బాల్లో వచ్చే కూరలు, పళ్లు కూడా రేషన్లోకి వెళ్లాయి. అక్కడ పద్ధతి మన రేషను కార్డు లాంటిది కాదు. మనిషికి నెలకి 48 నీలం పాయింట్లు. షాపులో డబ్బా కొనాలంటే డబ్బు ఇవ్వాలి, పాయింట్లు కూడా ఇవ్వాలి. సరుకు కొరతని బట్టి ఏ డబ్బాకి ఎన్ని పాయింట్లో మారుతూ ఉండేది. మన ఇంట్లో మనం నింపుకున్న సీసాకి మాత్రం పాయింట్లు లేవు. పైగా క్యానింగ్ కోసం అయితే పంచదార అదనంగా ఇచ్చేవాళ్లు, నాలుగు క్వార్ట్‌ల పళ్లకి ఒక పౌను. అంటే దాదాపు నాలుగు లీటర్ల సీసాలకి 450 గ్రాములు. దానికి రేషను బోర్డు దగ్గరకెళ్లి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇది తెలిస్తేనే ఈ బొమ్మ అర్థమవుతుంది.

(తెర మీద 1944 పోస్టరు. చేతుల నిండా సీసాలు పట్టుకుని నవ్వుతున్న యువతి.)

డిక్ విలియమ్స్ గీసినది. ఆవిడ అంటోంది: "నేను చెయ్యగలను, సందేహమేముంది! దేశభక్తిలో నేనెవరికీ తీసిపోను, రేషను పాయింట్లు నన్నేం చెయ్యలేవు." ఇంగ్లీషులో 'చెయ్యగలను', 'సీసాలో పెడతాను' రెండిటికీ ఒకటే మాట, దాంతో ఆడుకున్నారు. నాకు ఆసక్తి ఆ మాటల మీద లేదు, ఆ చేతుల మీద ఉంది. అన్ని గాజు సీసాలు అలా ఒళ్లో పొదువుకుని నిలబడటం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించండి. క్వార్టు సీసా నిండితే దాదాపు కిలోన్నర తూగుతుంది. భుజాలు లాగేస్తాయి, మెడ బిగుసుకుంటుంది. ఈవిడ మెడ చూడండి. దూదిపింజలు పట్టుకున్నట్టుంది.

ఇక్కడొక చిన్న పక్కదారి. యుద్ధకాలపు అమెరికా స్త్రీ అనగానే ఇవాళ మనకి తలగుడ్డ కట్టుకుని, చొక్కా చెయ్యి మడిచి, కండ చూపించే అమ్మాయే గుర్తొస్తుంది. జె. హోవర్డ్ మిల్లర్ వేసిన ఆ పోస్టరు 1943 ఫిబ్రవరిలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఫ్యాక్టరీల్లో మాత్రమే, రెండు వారాలు అతికించారు. బయట జనం దాదాపు చూడనే లేదు. అది ప్రసిద్ధి కెక్కింది నలభై ఏళ్ల తర్వాత. 1943లో ప్రభుత్వం దేశం నలుమూలలా పంచి జనం కళ్ల ముందు పెట్టిన స్త్రీ ఈ సీసాలావిడే. మనకి ఫ్యాక్టరీ అమ్మాయి నచ్చింది కాబట్టి చరిత్రలో ఆమెకి పీట వేశాం, ఈవిడని వంటగదిలోనే వదిలేశాం. నిజానికి ఇద్దరూ ఒక్కరే అయిన ఇళ్లు ఎన్నో. పగలు షిఫ్టు, రాత్రి బీన్స్ ఈనెలు.

ఫలితం మాత్రం చిన్నది కాదు. 1943లో దేశంలో దాదాపు 2 కోట్ల 'విజయ తోటలు', అంటే యుద్ధానికి సాయంగా జనం తామే వేసుకున్న కూరగాయల తోటలు, ఉన్నాయని లెక్క, దేశం తిన్న తాజా కూరగాయల్లో 40 శాతం దాకా వాటిలో పండిందని చెబుతారు. ఆ ఏడాది ఇళ్లలోనూ ఊరుమ్మడి కేంద్రాల్లోనూ నింపిన సీసాలూ డబ్బాలూ 400 కోట్లకు పైమాటే.

'ఊరుమ్మడి కేంద్రాలు' అన్నాను కదా, అదీ ఈ పోస్టర్లలో కనబడనిదే. కుక్కర్లు అల్యూమినియంవి, అల్యూమినియం అంతా విమానాలకి పోతోంది. వాడమని ప్రభుత్వమే చెబుతున్న వస్తువు బజారులో దొరకదు! గొడవ ముదిరాక తయారీ మళ్లీ పెంచారు. 1942లో 66,000 కుక్కర్లు అమ్ముడైతే 1943లో 3,15,000 అమ్ముడయ్యాయి. అయినా రెండు కోట్ల తోటలకి మూడు లక్షల కొత్త కుక్కర్లు ఏ మూలకి? అందుకని ఒక కుక్కర్ నాలుగైదు ఇళ్లు కలిసి వాడుకునేవి. బళ్లల్లో క్యానింగ్ కేంద్రాలు తెరిచారు. ఎవరి కూరలు వాళ్లు తెచ్చుకోవాలి, అక్కడ పెద్ద కుక్కర్లు ఉంటాయి, చెప్పేవాళ్లు ఉంటారు. 1914లో వచ్చిన ఒక చట్టం వల్ల జిల్లా జిల్లాకీ ఇంటిపనులు నేర్పే ఉద్యోగినులు అప్పటికే ఉన్నారు. గేజి సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడం దగ్గర్నుంచి అన్నీ వాళ్లే చూసేవాళ్లు. ఇంతమంది ఆడవాళ్లు, ఇంత ఆవిరి, ఇంత గోల, ఎవరి సీసాలు ఎవరివో అని తగాదాలు. ఎంత మంచి బొమ్మ అయ్యుండేది! ప్రభుత్వం మాత్రం ఎక్కువగా ఒంటరి ఇల్లాలినే గీయించింది, శుభ్రమైన తన వంటగదిలో. నా ఉద్దేశంలో కారణం తేలిక. పత్రికల ప్రకటనల్లో సబ్బూ పిండీ అమ్మిన ఇల్లాలు ఆవిడ. చిత్రకారులు వాళ్లే, గీత వాళ్లదే, అలవాటైన మొహం అదే. చేతిలో సబ్బు తీసేసి సీసా పెట్టారు.

ఆ అలవాటైన మొహం తెల్లది. అది కూడా చెప్పుకోవాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇంకో రకం బొమ్మలున్నాయి, ఫోటోలు. 1930ల చివర, 40ల మొదట్లో చిన్న రైతులకి అప్పులిచ్చి ఆదుకోవడానికి ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. దాని తరఫున జాక్ డెలానో, మేరియన్ పోస్ట్ వోల్కాట్ లాంటివాళ్లు దక్షిణాది పల్లెలన్నీ తిరిగారు. జార్జియా, అలబామాల్లో నల్లజాతి రైతుల ఇళ్లు తీశారు. ఆ సంస్థ ఇచ్చిన అప్పుల్లో ప్రెషర్ కుక్కర్ కొనుక్కోవడానికీ డబ్బు ఉండేది. వరసలు వరసలుగా పేర్చిన సీసాల పక్కన ఆ ఇల్లాళ్లు నిలబడిన తీరు వేరు. నవ్వు ఉంటే ఉంది, లేకపోతే లేదు. చేతులు పనిచేసిన చేతులని తెలుస్తాయి. మీకు రెఫరెన్స్ కావాలంటే పోస్టర్ల కంటే ముందు ఆ ఫోటోలు చూడమంటాను.

ఇంకొకళ్లు ఉన్నారు. సింగపూర్ పడిన నాలుగు రోజులకే, 1942 ఫిబ్రవరి 19న, రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాల వాళ్లని, దాదాపు 1,20,000 మందిని, ఇళ్లు వాకిళ్లు వదిలించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అక్కడే పుట్టిన అమెరికా పౌరులు. కాలిఫోర్నియా కూరగాయల సాగులో వాళ్లది పెద్ద చెయ్యి. కాయగూరలు బాగా పండించేవాళ్లని ముళ్లకంచెల వెనక పెట్టి, మిగతా దేశానికి "మీ కూరలు మీరే పండించుకోండి" అని పోస్టర్లు వేశారు. మాన్‌జానార్ శిబిరంలో ఆ రైతులు ఎడారి లాంటి నేలలో మళ్లీ తోటలు వేశారు. దాని మీద పోస్టరు రాలేదు.

ఇంగ్లండు సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. అక్కడ గ్రామీణ మహిళల సంఘాలు 1940 నుంచి ఊరి పళ్లని చేరదీసి జాము చేశాయి. పంచదార ప్రభుత్వం ఇచ్చింది, డబ్బాలు మూసే యంత్రాలు కొన్ని అమెరికా నుంచి బహుమతిగా వచ్చాయి. 1940 నుంచి 45 దాకా 5,300 టన్నులకు పైగా పళ్లు నిలవ చేశారు. చేసినవాళ్లకి ఆ జాము ఇంటికి పట్టుకెళ్లే వీల్లేదు, అది అందరి రేషన్లోకి వెళ్లిపోయేది.

చివరి బొమ్మ ఇది.

(తెర మీద 1946 పోస్టరు. సీసాలతో, గర్వంగా నవ్వుతున్న గృహిణి.)

యుద్ధం అయిపోయింది. ఇల్లాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. "నాకెంత గర్వంగా ఉందో! ఇంట్లో క్యానింగ్ చేస్తూ నేను కరువుతో పోరాడుతున్నాను" అంటోంది. సందర్భం ఏమిటంటే, 1946లో ఐరోపాలో, ఆసియాలో తిండి గింజల కొరత భయంకరంగా ఉంది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఒక కరువు సహాయ సంఘం వేసి, మాజీ అధ్యక్షుడు హూవర్‌ని దానికి పెద్దగా పెట్టి, దేశాలు తిరిగి చూసి రమ్మన్నాడు. ఈ హూవరే మొదటి యుద్ధంలో అమెరికా ఆహార శాఖ నడిపినవాడు. ఆ ప్రయాణంలో ఏప్రిల్‌లో మన దేశానికీ వచ్చాడు. వానలు తప్పి మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతాలు అల్లాడుతున్న ఏడాది అది. అంటే ఈ పోస్టర్లో 'కరువు' అన్నప్పుడు లెక్కలో మనమూ ఉన్నాం. తల్లీకూతుళ్ల బొమ్మ వచ్చిన 1943లోనే బెంగాల్లో దాదాపు 30 లక్షల మంది ఆకలితోనూ రోగాలతోనూ చనిపోయారు. అప్పుడు ఈ పోస్టర్లలో కరువన్న మాట లేదు, మా చలికాలం, మా సీసాలు, అంతే. 1946 బొమ్మలో మాట మారింది, మొహం మారలేదు. కరువుతో పోరాడుతున్న మనిషికి ఆ నవ్వు ఎలా పెట్టాలా అని చిత్రకారుడు ఒక్క క్షణమైనా ఆలోచించాడా అని నాకు అనుమానం.

ఇక మీరు అడగండి.

(ప్రశ్న: మన దేశంలో యుద్ధం వల్ల ఇలాంటిది ఏమైనా వచ్చిందా సార్?)

పోస్టర్ల మాట అడిగితే, 'ఎక్కువ పండించండి' ప్రచారం మన దగ్గరా నడిచింది. సీసాల విషయంలో ఒకటి చెప్పొచ్చు. జాము సీసాల మీద, స్క్వాష్ సీసాల మీద ఎఫ్‌.పీ.ఓ. అని ముద్ర ఉండేది, మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. ఎఫ్.పీ.ఓ. అంటే ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్, పళ్ల ఉత్పత్తుల మీద ప్రభుత్వ ఉత్తర్వు. అది మొదట 1946లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద వచ్చింది. యుద్ధకాలపు చట్టం నుంచి దిగిందే అది. 1955లో మళ్లీ కొత్తగా ఇచ్చారు.

(ప్రశ్న: ఈ పోస్టర్లు మా ప్రాజెక్టులో వాడుకోవచ్చా?)

నిరభ్యంతరంగా. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా చేసినవాటికి అక్కడ కాపీరైటు ఉండదు, ప్రభుత్వం విడుదల చేసిన ఈ యుద్ధ పోస్టర్లు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం డిజిటల్ లైబ్రరీలో పెద్ద సైజులో దొరుకుతాయి. ఒక్కో బొమ్మ కింద హక్కుల వివరం రాసి ఉంటుంది, అది చూసుకుని వాడండి. సీసాల కంపెనీలు పత్రికల్లో వేసుకున్న ప్రకటనలు వేరు, వాటి హక్కులు విడిగా చూసుకోవాలి.

(ప్రశ్న: ఆ కాలం క్యానింగ్ పుస్తకాలు కూడా ఆన్‌లైన్లో ఉన్నాయి కదండీ. చూసి చేసుకోవచ్చా?)

వద్దమ్మా. బొమ్మల కోసం చూడు, వంట కోసం చూడకు. కుక్కర్ లేకపోతే మూడేసి గంటలు నీళ్లలో మరిగించమనే పాత పద్ధతులు వాటిలో కనబడతాయి. సీసాల్ని ఓవెన్లో పెట్టడం, జాము మీద మైనం పోసి మూసెయ్యడం లాంటివి కూడా ఉంటాయి. ఓవెన్లో సీసాలు పేలతాయి, మైనం కింద బూజు పడుతుంది, ఆ రెండూ వద్దని ఇప్పటి అమెరికా వ్యవసాయ శాఖే చెబుతోంది. టొమాటోలకి కూడా ఇప్పుడు క్వార్టు సీసాకి రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, అదీ బజారులో సీసాల్లో అమ్మేది, కలిపి తీరాలంటున్నారు, ఎందుకంటే టొమాటోలన్నిటిలో పులుపు ఒకేలా ఉండదు. చెయ్యాలని ఉంటే ఆ శాఖ కొత్త గైడు ఉచితంగా దొరుకుతుంది, అది చదివి చెయ్యి. మన వంటింటి చిన్న కుక్కర్ దానికి పనికిరాదు, క్యానింగ్‌కి వేరే పెద్దది కావాలి.